ఆకుపచ్చ కాలనీలకు ఆక్సిడేజ్ నెగిటివ్ వస్తోందా?

భీమవరం దగ్గర రొయ్యల చెరువు నీళ్లు టీసీబీఎస్ (విబ్రియో బ్యాక్టీరియాను పెంచే ప్రత్యేక మీడియం) మీద వేస్తే ఆకుపచ్చ కాలనీలు వచ్చాయి, విబ్రియోకు సాధారణంగా పాజిటివ్ రావాల్సిన ఆక్సిడేజ్ పరీక్ష మాత్రం నెగిటివ్, మరి ఇది విబ్రియో కాదా అని అడిగారు కదండీ. కాలనీని నేరుగా టీసీబీఎస్ ప్లేటు మీంచే తీసుకున్నానని కూడా రాశారు. తేడా అక్కడే వచ్చి ఉంటుంది. ఆ మీడియం మీది కాలనీలకు ఆక్సిడేజ్ నమ్మకంగా రాదు.

ఒక్క కాలనీని 2 శాతం ఉప్పు కలిపిన ట్రిప్టిక్ సోయ్ అగార్ మీద గీసి, మర్నాడు ఆ తాజా పెరుగుదలతో చేయండి. నైక్రోమ్ లూపు వాడకండి, అది లేని పాజిటివ్ చూపిస్తుంది. చెక్కపుల్ల చాలు. ఊదారంగు 10 సెకన్లలో రావాలి, నిమిషం దాటాక వచ్చిన రంగును లెక్కలోకి తీసుకోవద్దు. పక్కనే సూడోమోనాస్ ఎరుగినోసా (పాజిటివ్ రావాలి), ఈ.కోలై (నెగిటివ్ రావాలి) కంట్రోల్స్ పెట్టుకోండి.

పాజిటివ్ వస్తే పెప్టోన్ నీళ్లలో 0, 3, 6, 8, 10 శాతం ఉప్పు గొట్టాలు పెట్టండి. విబ్రియో పారాహీమోలైటికస్ 3, 6, 8లో పెరుగుతుంది, 0లోనూ 10లోనూ పెరగదు. విబ్రియో వల్నిఫికస్ 8లో ఆగిపోతుంది. మిగతా బయోకెమికల్ మీడియాలో కూడా ఉప్పు తగ్గనీయకండి, మన దగ్గర చాలా పరీక్షలు తప్పేది ఇందుకే.

రైతు ఈఎంఎస్ (రొయ్యలు చిన్న వయసులోనే చచ్చిపోయే జబ్బు) ఉందా అని అడిగితే మాత్రం ఈ ఫలితం చూసి అవునని చెప్పేయకండి. పారాహీమోలైటికస్ అన్నీ ఆ జబ్బు తేవు. పిర్‌ఏ, పిర్‌బీ టాక్సిన్ జన్యువులకు పీసీఆర్ చేయించాల్సిందేనండీ.