ఏ ఊరి రైతులు?

అమ్మాయీ,

మీ సారు మీద రాసిన నివాళి అందింది. మొదటి పేజీలోనే ‘తీరని లోటు’ రెండుసార్లు, ‘నిండైన వ్యక్తిత్వం’ ఒకసారి. ఇవి ఏ సారుకైనా సరిపోతాయి. విసుగొచ్చి పక్కన పెట్టబోతుంటే మూడో పేజీలో కంటపడింది: నీ సిద్ధాంతవ్యాసం చిత్తుప్రతిలో ‘రైతులు ఇలా అంటారు’ అన్న వాక్యం కింద ఆయన ఎర్ర సిరాతో ‘ఏ ఊరి రైతులు?’ అని రాశారట. మనిషి అక్కడ దొరికాడమ్మా. తీసుకెళ్ళి మూడో పేజీలో దాచావేం?

నన్నడిగితే పోయిన గురువు ఆయన దిద్దుబాట్లలోనే మిగులుతాడు. ఆ చిత్తుప్రతులన్నీ ముందేసుకో. గీత పడ్డ చోట్లన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించు. ఒకే రకం దిద్దుబాటు నాలుగైదు చోట్ల కనబడిందా, అదే ఆయన పద్ధతి. వ్యాసానికి రెండు దిద్దుబాట్లు చాలు. ఒక్కోదానికి ముందు నీ వాక్యం, దాని కింద ఆయన గీత, ఆ తర్వాత నువ్వు తిరగరాసింది. మధ్యలో వ్యాఖ్యానం వద్దు.

ఉదాహరణకి, భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారిని ‘మహాపండితుడు’ అనేసి ఊరుకుంటే ఏం తెలుస్తుంది? 1962 నాటి మాండలిక వృత్తి పదకోశం తెరువు. అది వ్యవసాయ పదాల సంపుటం. మేడి, నొగ, కర్రు లాంటి మాటలకు రైతుల నోట ఏ ప్రాంతంలో ఏ రూపముందో వెతికి ఎక్కించిన పని. అందులో ఒక్క ఆరోపం, అంటే ఒక మాటకిచ్చిన పద్దు, చూపించు, పాండిత్యం అదే కనబడుతుంది.

తేదీలు జ్ఞాపకం మీద వెయ్యకు. కృష్ణమూర్తి గారు ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. 1986లో ఉపకులపతి అయింది మాత్రం హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి. రెండూ కలిసిపోవడం ఎంతసేపు? సిద్ధాంతవ్యాసం సమర్పించిన ఏడూ పట్టా వచ్చిన ఏడూ కూడా ఒకటి కాకపోవచ్చు.

నాలుగు పేజీల్లో ‘నేను’, ‘నాకు’, ‘నా’ కలిపి నలభై ఒకటి. ‘వెళ్ళాను’ అన్నాక ‘నేను’ ఎందుకు? క్రియే చెబుతోందిగా. సగం అలాగే రాలిపోతాయి. ఆసుపత్రి పేరా ఇంట్లోవాళ్ళకి చదివి వినిపించు. వాళ్ళు సరేనంటేనే ఉంచు.

ఇక సంపాదకులు. ఫొటోకి చోటు చాలకపోతే కింది నుంచి కోస్తారు. ‘తీరని లోటు’ మాత్రం పదిలంగా పైన ఉంటుంది. అందుకే ఎర్ర సిరా మొదటి పేరాలోకి రావాలి.

ఏ పత్రికకి పంపాలో తర్వాత చూద్దాం. తిరగరాసినప్పుడు ఆ పేజీ జిరాక్స్ కూడా జతచెయ్యి. ఆయన ప్రశ్నార్థకం ఎలా వేసేవారో చూడాలనుంది.