ఆడపిల్లను ‘బ్రదర్’ అన్నారా? దిద్దించక్కర్లేదండీ

మీ అమ్మాయి అమెరికాలో ఆల్ఫా ఫై ఒమేగా అనే విద్యార్థి సంఘంలో చేరాక అక్కడి ఈమెయిళ్లన్నీ ‘బ్రదర్’ అనే వస్తున్నాయనీ, పేరు మగపిల్లల జాబితాలో పడిందేమోననీ మీ కంగారు కదా. పొరపాటేం కాదు.

ఆ సంఘం 1925లో లఫాయెట్ కాలేజీలో మగపిల్లల సేవాసంఘంగా మొదలైంది. 1976లో ఆడపిల్లలకూ సభ్యత్వం ఇచ్చారు గానీ పిలుపు మార్చలేదు. అక్కడ బ్రదర్ అంటే ‘మనలో ఒకరు’ అని, అంతే. మనం కూతుర్ని ‘నాన్నా, అన్నం తిన్నావా’ అని అడగమూ? ఆ పిల్ల ఏమైనా నాన్న అయిపోయిందా!

ఇంకో వింత. ఫ్రీమేసన్లని, సొంత ఆచారాలతో నడిచే పాతకాలపు సోదర సంఘాల వాళ్లున్నారు. బ్రిటన్‌లో అచ్చంగా ఆడవాళ్లే ఉండే మేసన్ల సంఘం ఉంది, ఆర్డర్ ఆఫ్ విమెన్ ఫ్రీమేసన్స్ అని. ఒక్క మగవాడు లేకపోయినా ఒకరినొకరు బ్రదర్ అనే పిలుచుకుంటారు. 1893లో పారిస్‌లో పుట్టిన ల ద్రువా యుమాఁ అనే మేసన్ల సంఘంలో ఆడా మగా ఇద్దరూ ఉంటారు, అక్కడ మాత్రం బ్రదర్, సిస్టర్ రెండూ వినిపిస్తాయి. మన అనీ బిసెంట్ 1902లో చేరింది అందులోనే.

సిస్టర్ అంటే సరిపోదా అంటే, నాకైతే ఆ వాదనా సబబే అనిపిస్తుంది. కానీ అది అమ్మాయి ఇష్టం. ముందు తననే అడగండి, ఇబ్బందిగా ఉంటే తనే తన చాప్టర్ (కాలేజీలోని శాఖ) వాళ్లకు చెప్పుకుంటుంది. రెజ్యూమెలో మాత్రం ‘మెంబర్’ అని రాసుకోమనండి. తెలుగులో బంధువులకు చెప్పాల్సొస్తే ‘సభ్యురాలు’ చాలు.