కాకినాడ నుంచి మారిషస్‌కి: చీటీ పాడకుండా, అప్పు చేయకుండా

ప్రశ్న: మాది కాకినాడ. మావారు ప్రైవేటు కంపెనీలో చేస్తారు, నెలకి 92,000 చేతికొస్తుంది. నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను, 14,000 వస్తాయి. పాప ఎనిమిదో తరగతి, బాబు నాలుగు. ఇంటి లోన్ ఈఎంఐ 27,000, చీటీ 10,000, సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 8,000, ఇంటి ఖర్చు 40,000. చీటీ 3 లక్షలది, 30 నెలలు, 16 కట్టేశాం. నెలనెలా వెయ్యి పైన తగ్గింపు వస్తోంది. ఆ చీటీ డబ్బు పాప ఇంటర్ ఫీజుకని అనుకున్నాం. ఎఫ్‌డీ 4.5 లక్షలుంది. మావారికి ఏప్రిల్‌లో 80,000 దాకా బోనస్ వస్తుంది. పిల్లలు సముద్రంలో చేపల్ని చూడాలని, తెరచాప పడవ ఎక్కాలని రెండేళ్లుగా అడుగుతున్నారు. ఈ దసరాకి మారిషస్ ప్యాకేజీ చూశాం. ఆరు రాత్రులు, తిండితో సహా పెద్ద రిసార్ట్, నలుగురికీ 5.6 లక్షలు. చీటీ పాడి 2.4 లక్షలు తీసుకుని, 3 లక్షలు పర్సనల్ లోన్ పెడదామని మావారు అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది. అసలు వెళ్లడమే తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ముందు ఆ మాట మనసులోంచి తీసేయండి. పాపకి పదమూడేళ్లు. ఇంకో మూడేళ్లు దాటితే ఇంటర్, కోచింగ్, హాస్టల్. మీ నలుగురూ ఒకే పడవలో కూర్చునే సెలవులు ఇక ఎన్నో లేవు. కాబట్టి వెళ్లండి. అయితే ఈ దసరాకి కాదు, వచ్చే ఏడాది దసరాకి. ఆ ప్యాకేజీలో కూడా వద్దు.

మీవారి లెక్కతో మొదలుపెడతాను. మీ చీటీ 3 లక్షలది, 30 నెలలు, 16 కట్టేశామని రాశారు. ఇప్పుడు 60,000 తగ్గించి పాడితే 2.4 లక్షలు వస్తాయి. చివరిదాకా ఆగితే 7 శాతం కమీషన్ పోను 2.79 లక్షలు వస్తాయి. తేడా 39,000. పదమూడు నెలల ముందు డబ్బు తీసుకున్నందుకు మీరు కట్టే వడ్డీ అది. ఏడాదికి లెక్కేస్తే దాదాపు 15 శాతం. మన డబ్బే కదా, మనం తీసుకుంటున్నాం అనిపిస్తుంది గానీ, చీటీ మధ్యలో పాడటం అంటే అప్పు తీసుకోవడమే. పైగా పాడినవాళ్లు హామీ సంతకాలు తేవాలి. విహారయాత్ర కోసం బంధువుల్ని జామీను అడగడం ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక పర్సనల్ లోన్. 14 శాతం వడ్డీకి మూడేళ్లకి 3 లక్షలు తీసుకుంటే నెలకి సుమారు 10,250 కట్టాలి. మొత్తం వడ్డీ 69,000 పైనే. చీటీలో పోయే 39,000 కలిపితే 1,08,000. మీ నలుగురిలో ఇద్దరి విమాన టికెట్లు దాదాపు అంతే అవుతాయి. మీకిప్పుడు నెలకి మిగిలేది 21,000. అందులో సగం మూడేళ్లపాటు ఈ ఈఎంఐకే పోతుంది. పాప పదో తరగతి పరీక్షలు రాసే రోజుల్లో కూడా మీరింకా ఈ దసరా బాకీ కడుతూ ఉంటారు. ‘ముందు వెళ్లండి, తర్వాత కట్టండి’ అనే ప్రకటనలూ ఈ బాపతువే.

ఎఫ్‌డీని ముట్టుకోవద్దు. ఇంటి ఖర్చు, ఈఎంఐ, చీటీ కలిపితే నెలకి 77,000. మీ 4.5 లక్షలు దాదాపు ఆరు నెలలకి సరిపోతాయి. మీవారి ఉద్యోగానికి ఏదైనా అయితే ఇంటిని నిలబెట్టేది అదే. చీటీ డబ్బు పాప ఇంటర్ ఫీజుకని మీరే రాశారు. అది వచ్చే ఏడాది ఆగస్టులో చేతికొస్తుంది, వచ్చిన రోజే ఎఫ్‌డీలో వేసేయండి. సిప్ ఆపకండి. యాత్ర డబ్బు సిప్‌లో పెట్టనూ వద్దు. పదహారు నెలల్లో కావాల్సిన డబ్బుని మార్కెట్‌కి అప్పగించకూడదు.

మరి డబ్బు ఎక్కడిది? ఈ జూన్ నుంచి వచ్చే సెప్టెంబర్ దాకా పదహారు నెలలున్నాయి. బ్యాంకులో రెండు రికరింగ్ డిపాజిట్లు (ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టేవి) తెరవండి. మొదటిది నెలకి 11,000, పదకొండు నెలలు. ఏప్రిల్ నాటికి 1,21,000 అవుతుంది. బోనస్ 80,000 కలిపితే 2,01,000. ఇది విమానానికి, మే నెలలోనే టికెట్లు కొనేయడానికి. రెండోది నెలకి 9,000, పదహారు నెలలు, 1,44,000. మొదటి ఆర్‌డీ అయిపోయాక ఆ 11,000ని మిగిలిన అయిదు నెలలూ సేవింగ్స్ ఖాతాలో పక్కన పెడితే 55,000. అన్నీ కలిపి 4 లక్షలు. వడ్డీని కావాలనే లెక్కలో పట్టలేదు. మన రూపాయి విలువ తగ్గితే పెరిగే ఖర్చుకి అది ఆసరా. రెండు డిపాజిట్లు ఎందుకంటే, ఒక్కటే పెట్టుకుంటే టికెట్లు కొనాల్సిన మే నెలలో డబ్బు లోపల ఇరుక్కుపోతుంది. అప్పుడు మళ్లీ క్రెడిట్ కార్డు వైపు చూస్తారు.

ఆ 4 లక్షలతో నలుగురూ ఏడు రాత్రులు ఉండొచ్చు. ఇవి నా అంచనాలు, బుక్ చేసే రోజు ధరలు చూసి సరిచేసుకోండి. విమానాలకి 2,00,000. వంటగది ఉన్న చిన్న అపార్ట్‌మెంట్‌కి రాత్రికి 8,000 చొప్పున 56,000. టాక్సీలు, బస్సులకి 28,000. తిండికి 35,000. సముద్రానికి, అంటే పడవకీ చేపల్ని చూడటానికీ, 42,000. పాస్‌పోర్టులకీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌కీ 9,000. ఇవి 3,70,000. మిగతా 30,000 ఎవరికైనా జ్వరం వస్తే, విమానం తప్పితే అని పక్కన ఉండాలి.

ఇందులో నేను తగ్గించింది గదిని. సముద్రాన్నీ తిండినీ తగ్గించలేదు, మీరూ తగ్గించకండి. చాలా కుటుంబాలు దీనికి తిరగేసి చేస్తాయి. లక్షలు పోసి గది తీసుకుని, తీరా పడవ దగ్గరికొచ్చేసరికి ‘ఇంతా? వద్దులే, ఒడ్డునుంచి చూద్దాం’ అంటారు. మేం అండమాన్ వెళ్లినప్పుడు మాకూ అదే జరిగింది. ప్యాకేజీలో స్నార్కెలింగ్ (నోట్లో గొట్టంతో ఊపిరి తీస్తూ, తల ముంచి చేపల్ని చూడటం) ఉచితమని రాసి ఉంది. అక్కడికెళ్తే పది నిమిషాలే. నీళ్లకి అలవాటు పడి, నోటితో ఊపిరి తీయడం వచ్చేలోపే పైకి రమ్మన్నారు. ఇంకో అరగంటకి అడిగిన డబ్బు ఎక్కువని మా అమ్మాయిని ఒడ్డుకి తీసుకొచ్చేశాను. ఆ పిల్ల మొహం నాకింకా గుర్తుంది. హోటల్లో ఆ రాత్రికి కట్టింది దానికి నాలుగింతలు.

‘తిండితో సహా’ అన్న మాట మీకు బాగా నచ్చినట్టుంది. కానీ ఆలోచించండి. మారిషస్‌లో కాటమరాన్ అనే పెద్ద తెరచాప పడవ ఎక్కితే పొద్దున బయల్దేరి సాయంత్రం దాకా సముద్రంలోనే. మధ్యాహ్నం నిప్పుల మీద కాల్చిన చేపలు, కోడి, సలాడ్ సాధారణంగా పడవలోనే పెడతారు, ఆ ధరలోనే. ఆ రోజు రిసార్ట్‌లో మీ నలుగురి భోజనానికీ ముందే డబ్బు కట్టేసి ఉంటారు. అంటే ఒకే పూటకి రెండుసార్లు కట్టినట్టు. బయట తిరిగే ప్రతిరోజూ ఇదే జరుగుతుంది.

పైగా అక్కడి అసలు తిండి రిసార్ట్ బఫేలో కాదు, వీధిలో ఉంది. దాల్ పూరీ అంటే ఉడికించిన శనగపప్పుని పొడిలా చేసి లోపల పెట్టి కాల్చిన పల్చటి రొట్టె. బెల్లం వేయని బొబ్బట్టు అనుకోండి. అందులో బీన్స్ కూర, రుగాయ్ అనే టమాటా కూర, పచ్చడి వేసి కాగితంలో చుట్టి ఇస్తారు, ఎప్పుడూ జంటగానే. గాటో పిమా అంటే మన శనగపప్పు వడే, పచ్చిమిర్చి వేసి. పొద్దున్నే వేడివేడిగా రొట్టెలో పెట్టుకుని తింటారు. సబ్జా గింజలు వేసిన చల్లటి పాలు అలూదా, రాజధాని పోర్ట్ లూయీ సెంట్రల్ మార్కెట్లో తాగాల్సిందే. అనాసముక్కల మీద చింతపండు, కారం కలిపి ఇస్తే మీ పిల్లలకి ఊరు గుర్తొస్తుంది. ఇవన్నీ చవక. నేను పెట్టిన 35,000లో ఒకటి రెండు పూటలు సముద్రం ఒడ్డున కూర్చుని ఆక్టోపస్ కూర, పీతలు తినడానికీ చోటుంది. మీరు శాకాహారులైతే ఇంకా మిగులుతుంది.

నీళ్లలో దిగడానికి ఈ దీవి పిల్లలకి మంచిదనడానికి కారణం ఉంది. దాదాపు చుట్టూ పగడపు దిబ్బ ఉంటుంది. పెద్ద అలలు అక్కడే విరిగిపోతాయి, లోపలి నీళ్లు చాలాచోట్ల చెరువులా ఉంటాయి. విమానాశ్రయం ఆగ్నేయంలో, మాయ్‌బూర్ దగ్గర. బ్లూ బే మెరైన్ పార్క్ అక్కడికి దగ్గరే. అందుకే మొదటి రెండు మూడు రాత్రులు ఆ వైపే గది తీసుకోండి, టాక్సీ ఖర్చు కలిసొస్తుంది. స్నార్కెలింగ్ మొదటి రోజు ఒకసారి, రెండు రోజులాగి ఇంకోసారి పెట్టుకోండి. మొదటిసారి భయంతోనే సరిపోతుంది, చేపలు కనపడేది రెండోసారే. తర్వాత ఉత్తరాన గ్రాండ్ బే వెళ్తే అక్కడినుంచి గాబ్రియెల్ దీవికి కాటమరాన్లు వెళ్తాయి. లేదంటే తూర్పున త్రూ దో దూస్ నుంచి ఇలోసెర్ఫ్ దీవికి. మాట్లాడుకునేటప్పుడు ఒక్కటి అడగండి: తెరచాప ఎత్తి నడుపుతారా, ఇంజిన్ మీదే పోతారా? మీ పిల్లలు అడిగింది తెరచాప కాబట్టి ఇది ముఖ్యం. నా 42,000లో సగం ఈ ఒక్క రోజుకే. స్పీడ్ బోటు చవగ్గా వస్తుందని దానికి మారకండి.

దసరా సెలవులకి ఇంతకంటే అనువైన చోటు నాకు తోచడం లేదు. అది భూమధ్యరేఖకి దిగువన ఉన్న దేశం, అక్టోబర్ అక్కడ వానలు తక్కువ ఉండే నెల. తుపాన్ల భయం ఎక్కువగా జనవరి నుంచి మార్చి దాకా. సంక్రాంతికి మార్చుకుందామని మాత్రం అనుకోకండి.

కాకినాడవాళ్లు కాబట్టి ఇంకో మాట. 1834 నుంచి మన దేశం నుంచి కూలీలుగా మారిషస్ చెరుకు తోటలకి వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు, మీ ఊరి పక్కన కోరంగి రేవులో ఓడ ఎక్కారు కాబట్టి. ఉగాది ఇప్పటికీ అక్కడ ప్రభుత్వ సెలవు. పోర్ట్ లూయీలో కూలీలు దిగిన ఆప్రవాసీ ఘాట్‌ని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించింది. ఒక పూట పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. ఇక్కడ బయల్దేరే ముందు ఒక ఆదివారం కోరంగి మడ అడవులూ చూపించండి. పాపకి సోషల్ పుస్తకంలో దొరకని పాఠం అది.

డబ్బు చెల్లింపుల గురించి కొన్ని మాటలు. విదేశీ ప్యాకేజీ మన దగ్గర కొంటే టీసీఎస్ అనే ముందస్తు పన్ను పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటవుతుంది. కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. విమానం, గది విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే అది ప్యాకేజీ కిందకి రాదు. క్రెడిట్ కార్డు అక్కడ గీకితే చాలా బ్యాంకులు 2 నుంచి 3.5 శాతం అదనంగా వేస్తాయి, దాని మీద 18 శాతం జీఎస్టీ. మారిషస్‌లో మన యూపీఐ, రూపే 2024 ఫిబ్రవరి 12న మొదలయ్యాయి. వెళ్లేముందు మీ యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులు ఆన్ చేసుకుని, మీ బ్యాంకు ఏం ఛార్జీ వేస్తుందో కనుక్కోండి. దాల్ పూరీ బండి దగ్గర మాత్రం నగదే. భారతీయులకి వీసా రుసుము లేదు, తిరుగు టికెట్, గది బుకింగ్ చూపించాలి. ఇన్సూరెన్స్ పాలసీలో నీటి క్రీడల పేరా చదివి, స్నార్కెలింగ్ కవర్ అవుతుందో లేదో చూశాకే డబ్బు కట్టండి. ముంబైలో విమానం మారేటప్పుడు రెండు టికెట్లూ వేర్వేరు కంపెనీలవైతే మధ్యలో ఒక రాత్రి ఉంచుకోండి.

మీవారితో మాట్లాడేటప్పుడు ‘వద్దు’ అని మొదలుపెట్టకండి. ఆయన పిల్లల కోసమే తొందరపడుతున్నారు. ఆ 1,08,000 లెక్క కాగితం మీద రాసి చూపించండి. పిల్లలకి తేదీ చెప్పేయండి, వచ్చే ఏడాది దసరా అని. ఆర్‌డీ కట్టిన ప్రతినెలా క్యాలెండర్ మీద వాళ్లచేతే గుర్తు పెట్టించండి.

ఈ పదహారు నెలల్లో ఇద్దరికీ ఈత నేర్పించండి. లైఫ్ జాకెట్ వేస్తారు నిజమే, కానీ నీళ్లంటే బెదురు లేని పిల్లలు తల ముంచి చూస్తారు, బెదురున్నవాళ్లు పడవ అంచు వదలరు. మీకూ రాకపోతే వాళ్లతోపాటు మీరూ దిగండి. ఈ ఫీజు నా 4 లక్షల్లో లేదు. చీటీలో నెలనెలా వెయ్యి పైన తగ్గింపు వస్తోందని రాశారు కదా, అది దీనికి వాడండి.