ధర పలకకముందు రాసిన కాగితం వెతుకు

తల్లీ,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. మీ మ్యూజియం అద్దాల పెట్టెలో కోల్ట్ .380 పిస్టల్, "జాన్ డిలింజర్ వాడినది" అని బోర్డు, ఆధారంగా దాత కుటుంబం ఇచ్చిన అఫిడవిట్. బోర్డు ఉంచాలా, తీసేయాలా అని అడిగావు. ఆ మాట తర్వాత చూద్దాం. ముందు రెండు సంగతులు తేలాలి. ఈ తుపాకీ అసలు ఏది? ఇది 1930లలో అమెరికాలో బ్యాంకులు దోచిన ఆ డిలింజర్ దగ్గర ఉండేదని ఎవరు, ఎప్పుడు రాశారు? మొదటిది కొంత ఓపికుంటే తేలుతుంది. అందరూ తడబడేది రెండోదాని దగ్గరే.

తుపాకీ ముట్టుకునే ముందు, అందులో తూటా లేదని తెలిసినవాళ్లచేత చూపించుకో. ఎన్నేళ్లుగా పెట్టెలో ఉన్నా సరే. ఆ తర్వాత సీరియల్ నంబరు ఎక్కడెక్కడ ఉందో భూతద్దంతో చూసి నీ చేత్తో రాసుకో. పాత బోర్డు మీదిదో, రిజిస్టరులోదో ఎత్తి రాయకు. ఒక్క అంకె తప్పు పడితే వేరే తుపాకీ చరిత్ర వెతుకుతూ కూర్చుంటావు.

ఆ నంబరుతో కనెక్టికట్‌లోని కోల్ట్ కంపెనీ ఆర్కైవ్స్ వాళ్లకు రాయి. రుసుము తీసుకుని, ఆ తుపాకీ ఏ తేదీన ఫ్యాక్టరీ దాటిందో, ఎవరికి పంపారో, ఏ పూతతో పంపారో పాత పుస్తకాలు చూసి ఉత్తరం ఇస్తారు. అందులో డిలింజర్ పేరు కోసం ఎదురుచూడకు. మామూలుగా ఉండేది హోల్‌సేల్ వ్యాపారి పేరే. నీకు కావలసింది తేదీ.

ఆ తేదీ ఎంత పని చేస్తుందో చెబుతాను. డిలింజర్‌ను 1934 జూలై 22న షికాగోలో బయోగ్రాఫ్ థియేటర్ బయట కాల్చి చంపారు. ఆ రాత్రి అతని దగ్గర ఉన్నదంటూ ఒక కోల్ట్ పిస్టల్‌ను వాషింగ్టన్‌లోని ఎఫ్‌బీఐ కార్యాలయంలో ఏళ్ల తరబడి సందర్శకులకు చూపించారు. దాని నంబరు పట్టుకుని కోల్ట్ రికార్డులు అడిగిన ఒక పరిశోధకుడు 1970లో బయటపెట్టిన సంగతి ఏమిటంటే, ఆ పిస్టల్ ఫ్యాక్టరీ దాటిందే 1934 డిసెంబరులో. అంటే మనిషి చనిపోయిన ఐదు నెలలకు. అంత పెద్ద సంస్థ ప్రదర్శనకే ఈ ప్రశ్న ఎదురైందంటే, మీ బోర్డును ప్రశ్నించడానికి నువ్వు మొహమాటపడక్కర్లేదు.

అయితే తేదీ సరిపోయినంత మాత్రాన సంబరపడకు. ఆ మోడల్ పిస్టళ్లు వేలకొద్దీ తయారయ్యాయి. తేదీ తప్పితే కథ అక్కడితో ఆగిపోతుంది, సరిపోతే వెతుకులాట మొదలవుతుంది, అంతే.

నంబరు గీకేసి ఉంటే "చూశారా, గ్యాంగ్‌స్టర్ తుపాకీ కాబట్టే గీకేశారు" అంటారు. ఒప్పుకోకు. ఎవరు గీకారో, ఎప్పుడు గీకారో లోహం చెప్పదు. పైగా ఆ కథను పరీక్షించే దారి కూడా ఆ గీకుడుతోనే మూసుకుపోయింది. అంకెలు కొట్టినప్పుడు వాటి కింద లోహం నలుగుతుంది కాబట్టి, ఆమ్లం పూస్తే ఒక్కోసారి నంబరు బయటపడుతుంది. కానీ ఆ పని మ్యూజియం వస్తువు మీద జరగనివ్వకు. పాడుకాకుండా చూసే పద్ధతులున్నాయి, ఫోరెన్సిక్ ప్రయోగశాలను అడుగు. బ్యారెల్ (గొట్టం), గ్రిప్పులు (పిడి పలకలు) తర్వాత మార్చినవేమో కూడా చూడమను. ఈ పిస్టళ్లలో బ్యారెల్ మార్చడం పెద్ద పనేమీ కాదు.

ఇక కాగితాలు. నేను ఇన్నేళ్లూ నమ్ముకున్న కొలబద్ద ఒక్కటే: ఆ వస్తువుకు ధర పలకకముందు, అమ్మే ఉద్దేశం ఎవరికీ లేనప్పుడు, నంబరుతో సహా రాసిన కాగితం. షెరీఫ్ ఆఫీసు స్వాధీన జాబితా, కోర్టులో ప్రవేశపెట్టిన వస్తువుల పట్టిక, పోలీసు స్టేషన్ ఆయుధాల రిజిస్టరు, అలాంటివి. డిలింజర్ ముఠా 1933 అక్టోబరులో ఇండియానాలోని ఆబర్న్, పెరూ పోలీసు స్టేషన్లను దోచి ఆయుధాలు ఎత్తుకెళ్లింది. 1934 జనవరి 25న అరిజోనాలోని టూసాన్‌లో ముఠా పట్టుబడినప్పుడు పోలీసులు చాలా ఆయుధాలు స్వాధీనం చేసుకున్నారు. మీ పిస్టల్ వీటిలో దేనికి చెందిందని చెబుతున్నారో ముందు అడుగు. ఏ ఊరు, ఏ రోజు అన్నది చెప్పలేని కథకు వెతకడానికి చోటే ఉండదు. ఊరు తెలిస్తే ఆ కౌంటీ కోర్టు గుమాస్తాకు రాయి, ఆనాటి స్థానిక పత్రికలు తిరగెయ్యి. ఎఫ్‌బీఐ పాత ఫైళ్లు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో రికార్డ్ గ్రూప్ 65లో ఉంటాయి. అక్కడికి చేరనివాటికి సమాచార స్వేచ్ఛ చట్టం కింద దరఖాస్తు పెట్టు. తుపాకీ ఎవరి నుంచి ఎవరికి వెళ్లిందో వెతికే ప్రభుత్వ ట్రేసింగ్ కేంద్రం మార్టిన్స్‌బర్గ్‌లో ఉంది కానీ, అది పోలీసు శాఖలకే పనిచేస్తుంది, అక్కడ నీ సమయం వృథా చేసుకోకు.

ఆధారం అంటే ఎలా ఉండాలో చూడాలనుకుంటే మిషిగన్‌లోని బెరియన్ కౌంటీ వైపు చూడు. 1929 ఫిబ్రవరి 14న షికాగోలో ఏడుగురిని గోడకు నిలబెట్టి కాల్చేశారు. అదే ఏడు డిసెంబరులో ఫ్రెడ్ బర్క్ అనేవాడు సెయింట్ జోసెఫ్‌లో ఒక పోలీసు అధికారిని చంపి పారిపోతే, అతని ఇల్లు సోదా చేసినప్పుడు రెండు థామ్సన్ మెషీన్ గన్లు దొరికాయి. తుపాకుల నిపుణుడు కాల్విన్ గొడార్డ్ వాటితో పరీక్షగా కాల్చి, ఆ తూటాలనూ వాటి ఖాళీ తొడుగులనూ హత్యాస్థలంలో దొరికినవాటితో, రెంటినీ పక్కపక్కన చూపించే కంపారిజన్ మైక్రోస్కోప్ కింద పోల్చి, ఆ రోజు కాల్చింది ఇవేనని తేల్చాడు. ఆ రెండు తుపాకులూ ఇప్పటికీ ఆ కౌంటీ షెరీఫ్ శాఖ దగ్గరే ఉన్నాయి. మధ్యలో చేతులు మారలేదు, వేలానికి పోలేదు. ఆ గొలుసులో తెగిన లింకు లేదు కాబట్టే ఎవరూ వేలెత్తి చూపలేరు. మీ పిస్టల్‌కు అంతటి ఆధారం దొరుకుతుందని ఆశ పెట్టను. కానీ ఎక్కడ గొలుసు తెగిందో, తెగినచోట ఎన్నేళ్ల ఖాళీ ఉందో రాసిపెట్టుకో.

ఆ కుటుంబం ఇచ్చిన అఫిడవిట్‌ను చులకన చేయకు. వాళ్లు అబద్ధం చెబుతున్నారని నేను అనను. తాత చెప్పింది మనవడు నమ్ముతాడు, అది సహజం. కానీ 2012లో దోపిడీ దొంగ క్లైడ్ బారో పిస్టల్ 2,40,000 డాలర్లకు, 2021లో షికాగో ముఠా నాయకుడు అల్ కపోన్ పిస్టల్ 8,60,000 డాలర్లకు వేలంలో పోయాక ఇలాంటి కథల బరువే మారిపోయింది. అందుకని మూడు అడుగు. చెప్పినవాళ్లు కళ్లారా చూశారా, విన్నారా? మొదటిసారి ఎప్పుడు చెప్పారు? కాగితంలో సీరియల్ నంబరుందా? నంబరు లేని అఫిడవిట్ ఏ తుపాకీ పక్కనైనా పెట్టుకోవచ్చు.

బోర్డు సంగతి. ఏమీ తేలకపోతే "కోల్ట్ .380 పిస్టల్, ఫలానా ఏడాది ఫ్యాక్టరీ నుంచి వెళ్లింది. డిలింజర్‌దని దాత కుటుంబం చెబుతోంది, ఆనాటి రికార్డు దొరకలేదు" అని రాయి. సందర్శకులు నొచ్చుకోరు, చాలామంది ఆగి రెండోసారి చదువుతారు. కానీ మార్చేముందు ఆ కుటుంబంతో నువ్వే స్వయంగా మాట్లాడు. గోడ మీద చూసి తెలుసుకునే పరిస్థితి వాళ్లకు రానివ్వకు.

మీ స్టోర్‌లో థామ్సన్ గన్ కూడా ఒకటుందని చివర్లో రాశావు. అది మెషీన్ గన్, దాని పని వేరు. అమెరికా 1934 జాతీయ ఆయుధాల చట్టం కింద రిజిస్టరైన కాగితం మీ దగ్గర ఉందో లేదో ఈ వారమే చూడు. లేకపోతే దాన్ని కదిలించకుండా ముందు మ్యూజియం లాయరుకు చెప్పు.

కోల్ట్ వాళ్ల ఉత్తరం రాగానే నాకు పంపు. అఫిడవిట్ వెనక పేజీ కూడా ఫోటో తియ్యి, నోటరీ ముద్ర మీద తేదీ నాకు కనబడలేదు.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న