నీళ్లలో చెవినొప్పి, అరగంటకే అయిపోయే సిలిండర్: మీ డైవింగ్ ప్రశ్నలు

ప్రశ్న: నాకు పద్నాలుగేళ్లు. సముద్రమంటే ప్రాణం. స్కూబా డైవింగ్ నేర్చుకోవాలని ఉంది. కానీ ఈతకొలనులో మూడు మీటర్ల అడుగు ముట్టేలోపే చెవులు పోటెత్తుతాయి. నాకిది పడదేమోనని అమ్మ అంటోంది. ఊపిరి బిగబట్టే సాధన మాత్రం రోజూ చేస్తున్నాను. ఇంకా ఏం చేయాలి?

జవాబు: నీ చెవుల గురించి మాకు బెంగ లేదు. ఊపిరి బిగబట్టడం గురించే ఉంది. పక్కన ఎవరూ లేకుండా చేస్తుంటే ఈ రోజే ఆపెయ్. గబగబా పీల్చి వదిలి మునిగితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోవాలన్న తహతహ పుట్టించేది అదే. అది మొదలయ్యేలోపే ఆక్సిజన్ అడుగంటి, నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. బాగా ఈతొచ్చినవాళ్లు కూడా కొలనుల్లో ఇలా చనిపోయారు. పైగా స్కూబాకు ఆ సాధనతో పనే లేదు. అక్కడ మొదటి నియమం ఊపిరి ఆపకూడదనే. పది మీటర్ల లోతులో పీల్చిన గాలి పైకొచ్చేసరికి రెట్టింపవుతుంది. బిగబట్టి లేస్తే ఊపిరితిత్తి చిరగొచ్చు. సిలిండర్ గాలి పీల్చినవాళ్లకు మీటరున్నర లోతు నుంచి కూడా ఈ ముప్పు ఉంటుంది.

ఇక చెవులు. కర్ణభేరి వెనక ఉన్న గాలి గదిని గొంతుతో కలిపే సన్నటి నాళం ఒకటుంది. మామూలుగా అది మూసుకునే ఉంటుంది. దిగేకొద్దీ నీటి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నెడుతుంది, పోటు అందుకే. ముక్కునూ నోటినీ మూసి, ముక్కులోకి మెల్లగా గాలి ఊదితే నాళం తెరుచుకుని చెవిలో టప్పుమంటుంది. ముక్కు మూసి గుటక వేసినా సరే. ముందు గట్టుమీద అలవాటు చేసుకో.

దాదాపు అందరూ నొప్పి వచ్చాక ఊదుతారు. అప్పటికి నాళం నోరు నొక్కుకుపోయి ఉంటుంది. గట్టిగా ఊదితే తెరుచుకోకపోగా లోపలి చెవి దెబ్బతినొచ్చు. అందుకే నీటిమీద ఉండగానే ఒకసారి, ఆపైన ప్రతి అర మీటరుకూ ఒకసారి ఊదాలి. తెరుచుకోకపోతే మీటరు పైకొచ్చి మళ్లీ ప్రయత్నించు. తల ముందు పెట్టి కాకుండా కాళ్లు ముందు పెట్టి దిగితే ఇంకా సులువు. మొదటి పది మీటర్లలోనే ఒత్తిడి రెట్టింపవుతుంది కనుక చెవులకు అసలు పని అక్కడే. జలుబున్న రోజు దిగొద్దు. ముక్కులో మందు వేసుకుని దిగినా, నీళ్లలో ఉండగా దాని ప్రభావం తగ్గితే పైకొచ్చేటప్పుడు గాలి లోపలే ఇరుక్కుంటుంది. ఈత కళ్లద్దాలతో కూడా లోతుకు పోకు. వాటిలోకి ముక్కుతో గాలి వదలలేం, కళ్లను పట్టి లాగేస్తాయి. ముక్కును కప్పే మాస్కే కావాలి.

డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడి నడిపే జూనియర్ ఓపెన్ వాటర్ అనే మొదటి కోర్సుకు పదేళ్లు నిండితే చాలు. నీ వయసువాళ్లు కోర్సు పూర్తయ్యాక, సర్టిఫికెట్ ఉన్న పెద్దవాళ్ల వెంట 18 మీటర్ల దాకా దిగొచ్చు. ఈత పరీక్షలో ఆగకుండా 200 మీటర్లు ఈదాలి, వేగం పట్టింపు లేదు. తర్వాత 10 నిమిషాలు తేలాలి. నీ సాధన ఈ రెండింటి మీద పెట్టు. ఉబ్బసం, మూర్ఛ, చెవి ఆపరేషన్ లాంటివి ఉంటే డాక్టరు అనుమతి తప్పనిసరి.

ప్రశ్న: మా అబ్బాయి ఈమధ్యే డైవింగ్ కోర్సు ముగించాడు. అందరి సిలిండర్లూ ముప్పావు గంట వస్తే వాడిది అరగంటకే అయిపోతోంది. లీకా?

జవాబు: కావచ్చు, చూడటం తేలికే. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ బిగించి వాల్వు తెరవండి, మళ్లీ మూసి అయిదు నిమిషాలు గాలి ఒత్తిడి చూపే గేజ్ గమనించండి. ముల్లు జారకపోతే లీకు లేదు. అప్పుడు లెక్క ఇదీ: ఒక బార్ అంటే దాదాపు నీటిపైన ఉండే గాలి ఒత్తిడి, కాబట్టి 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ అంటే 2,400 లీటర్ల గాలి. చివరి 50 బార్ అత్యవసరానికి ఉంచాలి కనుక వాడుకునేది 1,800. నీటిపైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవారికి పది మీటర్ల దగ్గర 40 కావాలి, అంటే 45 నిమిషాలు. 18 మీటర్ల దగ్గర 56 లీటర్లు, అంటే 32 నిమిషాలే. ముందుగా మీ అబ్బాయీ మిగతావాళ్లూ ఏ లోతులో తిరిగారో అడగండి.

లోతు ఒకటే అయితే నడుముకు కట్టిన సీసం బరువులు ఎక్కువయ్యాయేమో చూడాలి. మాకైతే అనుమానమంతా దానిమీదే. ఎక్కువైతే తేలడానికి వేసుకునే జాకెట్లో గాలి నింపుతూ, కాళ్లు కిందికి వేలాడేసి ఈదుతూ ఆయాసపడతారు. డైవ్ ముగిసి సిలిండర్లో 50 బార్ ఉన్నప్పుడు, నీటిపైనే జాకెట్ ఖాళీ చేసి నిటారుగా ఉండమనండి. మామూలుగా గాలి పీల్చినప్పుడు నీరు కళ్ల మట్టానికి రావాలి, వదిలినప్పుడు మెల్లగా మునగాలి. పీల్చినా మునిగిపోతుంటే కిలో చొప్పున తీసేస్తూ మళ్లీ చూడాలి.

ప్రశ్న: కొత్త మాస్కు ఎన్నిసార్లు కడిగినా మసకబారుతోంది.

జవాబు: తయారీలో అద్దంమీద పట్టిన సన్నటి పొర అది, నీళ్లకు పోదు. జెల్ కాని తెల్ల టూత్‌పేస్టును గాజు లోపలివైపు వేలితో రుద్ది కడగండి, రెండు మూడుసార్లు. ప్లాస్టిక్ అద్దమైతే మాత్రం వద్దు, గీతలు పడతాయి. ఆ తర్వాత దిగబోయే ముందు ఉమ్ము రాసి ఒక్కసారి నీళ్లలో ముంచితే సరిపోతుంది.