కొత్త ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి ఆగిపోతుంటే రీసెట్ కొట్టే ముందు చూడాల్సినవి

మీ సమస్య క్లుప్తంగా ఇదీ: ల్యాప్‌టాప్ కొని పది రోజులైంది, విండోస్ 11, పని చేస్తుండగా ఏ హెచ్చరికా లేకుండా ఆగిపోతోంది. ఒకసారి ఇరవై నిమిషాలకే, ఇంకోసారి మూడు గంటలైనా ఏమీ కాదు. హెల్ప్‌లైన్ వాళ్లు విండోస్ రీసెట్ చేయమన్నారు. చేయాలా వద్దా?

ఇప్పుడే వద్దు. రీసెట్ కొడితే మెషీన్ ఎందుకు ఆగిందో రాసిపెట్టుకున్న లాగ్స్ కూడా దాంతోపాటే పోతాయి. లోపం హార్డ్‌వేర్‌లో ఉంటే రీసెట్ తర్వాత రెండు రోజులు బుద్ధిగా ఉండి మళ్లీ మొదలెడుతుంది, ఈలోగా రిటర్న్ గడువు కాస్తా దాటిపోతుంది. కాబట్టి ముందు బిల్లు తీసి, మార్చి ఇవ్వడానికి ఆఖరు తేదీ ఎప్పుడో చూసుకోండి. కింద చెప్పేవన్నీ ఆ తేదీకి కనీసం రెండు రోజుల ముందు తేలిపోవాలి.

ఆగిపోతోంది అని అందరూ ఒకే మాట అంటారు గానీ ఆ మాట కింద నాలుగు వేరువేరు జబ్బులుంటాయి. కరెంటు తీసేసినట్టు టప్పున ఆరిపోవడం ఒకటి. నీలం తెర క్షణం మెరిసి దానంతటదే రీస్టార్ట్ అవడం ఇంకొకటి. ఏదో ప్రోగ్రామ్ షట్‌డౌన్ ఆర్డరిస్తే పద్ధతిగా ఆగడం మూడోది. నాలుగోది అసలు ఆగడమే కాదు, నిద్రలోకి జారుకోవడం. ఈసారి ఆగినప్పుడు తొందరపడి బటన్ నొక్కకుండా పవర్ లైట్ చూడండి. పూర్తిగా ఆరిపోయిందా, మెల్లగా మినుకుతోందా? తర్వాత బటన్ నొక్కితే మీరు తెరిచిన ఫైళ్లు తెరిచినట్టే ఉన్నాయంటే అది స్లీప్ లేదా హైబర్నేట్. అన్నీ మూసుకుపోయి కొత్తగా మొదలైతే మిగతా మూడింటిలో ఒకటి.

ఆ మూడింటిని విడదీసేది ఈవెంట్ వ్యూయర్, విండోస్ రాసుకున్న లాగ్స్ చూపించే ప్రోగ్రామ్. స్టార్ట్ నొక్కి ఆ పేరు టైప్ చేసి తెరవండి. ఎడమవైపు విండోస్ లాగ్స్, దాని కింద సిస్టమ్. కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్ అని ఉంటుంది, అందులో ఈవెంట్ ఐడీల గడిలో 41, 42, 506, 1001, 1074, 6008 అని కామాలతో ఇవ్వండి. వేల వరుసలు పోయి పనికొచ్చేవి కొన్నే మిగులుతాయి.

1074 కనిపిస్తే ఎవరో అడిగి ఆపించారన్నమాట. ఏ ప్రోగ్రామ్ ఆర్డరిచ్చిందో అందులోనే పేరుతో సహా ఉంటుంది, కొత్త మెషీన్‌లో ఎక్కువసార్లు అది అప్‌డేటే. 42 గానీ 506 గానీ ఉంటే నిద్రపోయింది, పక్కనే కారణం కూడా రాసి ఉంటుంది. 1001 అంటే నీలం తెర క్రాష్ అయిందని. 6008 అంటే క్రితంసారి సరిగ్గా ఆగలేదని. 41 దగ్గరే చాలామంది తడబడతారు. కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనబడగానే పవర్ సప్లై పోయిందని తేల్చేస్తారు. నిజానికి అది చెప్పేది ఒక్కటే: క్రితంసారి పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ ఆన్ అయ్యాను అని. పైగా అది రాసుకునేది తిరిగి ఆన్ అయ్యాక, అందుకే దాని పక్కనున్న సమయం ఆగిన సమయం కాదు. ఎప్పుడు ఆగిందో 6008 లోపలి వాక్యంలో ఉంటుంది.

41 మీద క్లిక్ చేసి డీటెయిల్స్ ట్యాబ్ తెరవండి. బగ్‌చెక్ కోడ్ అనే వరుస చూడండి. అక్కడ 0 ఉంటే విండోస్‌కి ఏమీ రాసుకునే వ్యవధి దొరకలేదు, అంటే పవర్ తెగిపోయింది, లేదా మొత్తం బిగుసుకుపోయింది. 0 కాకుండా వేరే అంకె ఉంటే అది నీలం తెర క్రాష్. ఆ అంకె మామూలు దశాంశంలో ఉంటుంది, వెతికేటప్పుడు క్యాలిక్యులేటర్‌లో ప్రోగ్రామర్ మోడ్ పెట్టి హెక్స్‌లోకి, అంటే పదహార్ల లెక్కలోకి మార్చుకోవాలి. 159 అయితే హెక్స్‌లో 9ఎఫ్, ఏదో డ్రైవర్ (ఒక్కో భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రామ్) నిద్ర, మెలకువల మధ్య ఇరుక్కుపోయింది. 292 అయితే 124, ప్రాసెసర్ స్వయంగా హార్డ్‌వేర్ తప్పు ఉందని మొరపెట్టుకుంది. కొత్త మెషీన్‌లో 124 పదేపదే వస్తుంటే నేనైతే డ్రైవర్ల జోలికి ఎక్కువసేపు పోకుండా మార్పించుకోమనే చెబుతాను. అదే ట్యాబ్‌లో పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అనే వరుస కూడా ఉంటుంది. అది 0 కాకపోతే బటన్ నొక్కినట్టు. తెర బిగుసుకుపోయి మీరే నొక్కి పట్టుకుని ఆపిన సందర్భాల్ని లెక్కలోంచి తీసేయడానికి అది పనికొస్తుంది.

బగ్‌చెక్ 0 వచ్చిందనుకుందాం, మీరు చెప్పిన తీరు చూస్తే అదే వచ్చేలా ఉంది. అప్పుడు చేయాల్సిన పరీక్షకి పైసా ఖర్చు లేదు, కానీ ఎవరూ చేయరు. బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు నడిచే బోర్డు సొంత ప్రోగ్రామ్‌లోకి వెళ్లి అక్కడే వదిలేయండి. సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీ, అడ్వాన్స్‌డ్ స్టార్టప్‌లో రీస్టార్ట్ నౌ కొడితే వచ్చే నీలం మెనూలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ఆఖరున యూఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్, అదే బయోస్. లోపల ఏమీ మార్చకండి. చార్జర్ పెట్టి, మూత తెరిచి, ఒక గంట అలా ఉండనివ్వండి. తర్వాత చార్జర్ తీసేసి ఇంకో గంట. అక్కడ విండోస్ లేదు, డ్రైవర్లు లేవు, వైరస్ లేదు. అయినా ఆగిపోయిందంటే తప్పు బోర్డు, బ్యాటరీ, చార్జర్ లాంటి హార్డ్‌వేర్‌దే తప్ప విండోస్‌ది కాదు. ఆగేదాకా ఫోన్‌తో వీడియో తీసి పెట్టుకోండి. ఆ ఒక్క వీడియో ముందు ‘రీసెట్ చేయండి’ అనే సలహా నిలబడదు.

గంటలు గడిచినా ఆగలేదంటే హార్డ్‌వేర్ నిర్దోషి అని మాత్రం కాదు, అక్కడ దాని మీద భారం లేదు కదా. అప్పుడు ఒక 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్ బదులు నడిచే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) ఎక్కించి, దాన్నుంచే బూట్ చేసి, ట్రై అనేది ఎంచుకుని వీడియోలు నడపండి. ఇన్‌స్టాల్ నొక్కకండి, లోపలి డేటా పోతుంది. అందులోనూ ఆగితే హార్డ్‌వేర్. విండోస్‌లో మాత్రమే ఆగితే డ్రైవర్, సెట్టింగ్.

ఇక పవర్ విషయం. రెండు విధాలుగా నడిపి చూడండి: బ్యాటరీ మీద మాత్రమే, చార్జర్ పెట్టి మాత్రమే. ఎప్పుడెప్పుడు ఆగిందో, అప్పుడు చార్జింగ్ ఎంత శాతముందో కాగితం మీద రాసుకోండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు 40 శాతం దగ్గర ఠక్కున ఆరిపోతుంటే ఆ శాతం అబద్ధం, లేదా లోపల ఏదో సెల్ బలహీనం. చార్జర్ పీకిన క్షణమే ఆరిపోతుంటే బ్యాటరీ బోర్డుకి సరిగ్గా తగులుకోకపోయి ఉండొచ్చు, రవాణా కుదుపుల్లో కనెక్టర్ వదులవడం కొత్తవాటిలోనూ ఉంటుంది. బ్యాటరీ బాగున్న ల్యాప్‌టాప్ గోడ ప్లగ్‌లో కరెంటు పోయినంత మాత్రాన ఆగకూడదు. ఆగిందంటే దోషం ప్లగ్‌ది కాదు.

బ్యాటరీ లెక్కలు విండోసే ఇస్తుంది. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్ అనే మాటకి సి, ఎఫ్, జి అక్షరాలు అతికించి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ, రిపోర్ట్ అనే రెండు మాటలూ కలిపి ఇంగ్లీషులో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. ఒక ఫైల్ ఎక్కడ పెట్టిందో చెబుతుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. కొత్తదానిలో రెండూ దాదాపు సమానంగా ఉండాలి. మొదటిది 50,000, రెండోది 49,000 ఉంటే ఏ చింతా లేదు. రెండోది 38,000 ఉంటే అది కొత్త బ్యాటరీలా ప్రవర్తించట్లేదు, ఆ పేజీని ప్రింట్ తీసి పెట్టుకోండి.

చార్జర్ మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉంటుంది. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు అని ఉంటే గుణిస్తే 65 వాట్లు. టైప్ సి పోర్టు ఉంది కదా అని ఫోన్ చార్జర్ పెడితే ప్లగ్‌లో ఉండగానే బ్యాటరీ దిగుతూ వస్తుంది, అడుగంటగానే విండోస్ హైబర్నేట్ చేసేస్తుంది. చూసేవాళ్లకి చార్జింగ్‌లో ఉండగా ఆగిపోయినట్టే కనిపిస్తుంది. కేబుల్ కూడా అంతే, మామూలు 3 ఆంపియర్ల టైప్ సి కేబుల్ 60 వాట్లకి మించి మోయదు. 100 వాట్ల చార్జర్‌కి 5 ఆంపియర్ల కేబుల్ కావాలి.

ఇదంతా చేసే ముందు ఒకటి చేసి చూడొచ్చు: షట్‌డౌన్ చేసి, చార్జర్‌తో సహా అన్నీ పీకేసి, పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. పవర్‌ని చూసుకునే చిన్న కంట్రోలర్ ఒకటుంటుంది, అది తికమకపడి ఉంటే దీంతో సర్దుకుంటుంది. డేటాకేమీ కాదు.

వేడి గురించి అందరూ మొదట అడుగుతారు గానీ కొత్త ల్యాప్‌టాప్‌లో వేడికే పూర్తిగా ఆగిపోవడం అరుదు. గేమ్ ఆడేటప్పుడు ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపిస్తే భయపడక్కర్లేదు, హద్దు దగ్గరికి రాగానే అది ముందు తన వేగం తగ్గించుకుంటుంది. అలా తగ్గించుకున్నా వేడి దిగకపోతేనే ఆగుతుంది. అంటే ఫ్యాన్ తిరగట్లేదు, లేదా వేడిని లాగేసే హీట్‌సింక్ సరిగ్గా కూర్చోలేదు. భారీ పని నడుస్తుండగా గాలి బయటికొచ్చే సందు ముందు పల్చటి టిష్యూ కాగితం పట్టుకోండి. అది రెపరెపలాడాలి. కదలకుండా వేలాడుతుంటే మీకు జవాబు దొరికినట్టే. పరుపు మీద పెట్టి వాడితే మాత్రం కింది రంధ్రాలు మూసుకుపోతాయి, దానికి మెషీన్‌ని తప్పుపట్టలేం. ఇంకొంచెం పక్కాగా కావాలంటే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌లో సెన్సార్లు తెరిచి లాగింగ్ ఆన్ చేసి వదిలేయండి. ఆగిన తర్వాత ఆ ఫైల్ ఆఖరి వరుసలు చూడండి. 70 డిగ్రీల దగ్గరే ఆగిపోయిందంటే వేడిని కాదు, పవర్ సర్క్యూట్‌ని అనుమానించాలి.

నిద్ర కేసుల్లో ఒక చిత్రమైన దొంగ అయస్కాంతం. మూత మూసినట్టు ల్యాప్‌టాప్‌కి తెలిసేది చాలా మోడళ్లలో ఒక అయస్కాంతం, దాన్ని పసిగట్టే సెన్సార్ ద్వారానే. కీబోర్డు పక్కన అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్ పెట్టినా, అయస్కాంతపు పట్టీ ఉన్న వాచీ చేయి అక్కడ ఆనించినా, కింద ఇంకో ల్యాప్‌టాప్ ఉన్నా మూత మూశారనుకుని పడుకుంటుంది. 506 పక్కన కారణం లిడ్ అని ఉండి మీరు మూత ముట్టుకోలేదంటే ఇదే.

క్రాష్ కోడ్ వచ్చినవాళ్లు తయారీదారు సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచే చిప్‌సెట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు, బయోస్ అప్‌డేట్ తీసుకోండి. డ్రైవర్లన్నీ ఒక్క క్లిక్‌తో మార్చేస్తామనే ప్రోగ్రామ్‌ల జోలికి వెళ్లకండి. బయోస్ అప్‌డేట్‌కి ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్‌ని సస్పెండ్ చేయాలి, రికవరీ కీ ఎక్కడుందో చూసి రాసుకోవాలి. విండోస్ 11 చాలా మెషీన్లలో మీకు చెప్పకుండానే డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతుంది, అప్‌డేట్ తర్వాత 48 అంకెల కీ అడిగితే అప్పుడు వెతుక్కుంటూ కూర్చోవాలి. చార్జర్ పెట్టి ఉంచండి, మధ్యలో ఆపకండి. మెషీన్ బయోస్ తెరలోనే ఆరిపోతున్నదైతే అసలు బయోస్ అప్‌డేటే చేయకండి, సగంలో ఆగితే బోర్డే పోవచ్చు. కోడ్‌లు రోజుకొకటి మారుతుంటే ర్యామ్‌ని అనుమానించి మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష రాత్రంతా నాలుగు పాస్‌లు నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా చాలు, అది ఫెయిలే. అమ్మినవాళ్లు అదనంగా ర్యామ్ వేసిచ్చి ఉంటే ఆ సంగతి వాళ్లకి గుర్తుచేయండి, వెనక మూత మీరు విప్పకండి.

హార్డ్‌వేర్ అని తేలితే రిపేర్‌కి ఒప్పుకోకుండా గడువులోనే మార్చి ఇమ్మనండి. మాట్లాడటం కాదు, రాతపూర్వకంగా పంపండి: సీరియల్ నంబర్, ఆగిన తేదీలూ సమయాలూ, అప్పుడు చార్జర్ ఉందా లేదా, 41లో బగ్‌చెక్ 0 కనబడే స్క్రీన్‌షాట్, బయోస్ వీడియో, బ్యాటరీ రిపోర్ట్. ఫిర్యాదు నంబర్ తీసుకోండి. మెషీన్ చేతికిచ్చే ముందు ఫైళ్లు వేరే డిస్క్‌లోకి తీసుకుని, ఖాతాల నుంచి సైన్ అవుట్ అయ్యి, ఆఖరున అప్పుడు రీసెట్ కొట్టండి.