ఫోన్ పనికి మనిషిని పెట్టుకునే ముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు అప్పడాలు, పచ్చళ్ల వ్యాపారానికి డిజిటల్ మార్కెటింగ్ మనిషిని నెల జీతం మీద పెట్టుకుంటున్నావని. సంతోషం పట్టలేకపోయాను, నిద్ర కూడా పట్టలేదు. మీ నాన్న పర్లాకిమిడిలో సైకిల్ వెనక రేకుడబ్బా కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి అప్పడాలు అమ్మిన రోజులు నేను చూశాను. ఆయన కొడుకు ఇవాళ ఒకరికి ఉద్యోగం ఇస్తున్నాడు. తెల్లారగానే కాగితం తీశాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటావు, ఒక్కటీ చెవికెక్కదు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. పని ఏమిటో, జీతమెంతో, సెలవులెన్నో కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. మూడు నెలలు చూసి ఖాయం చెయ్యి. పరీక్ష పేరుతో పోస్టులు చేయించుకుంటే వాటికి డబ్బివ్వు. జీతం వేరు, యాడ్స్‌కి పెట్టే డబ్బు వేరు. జీతమిచ్చి యాడ్స్‌కి రూపాయి తీయకపోతే ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు? ఏజెన్సీకి ఇవ్వకుండా సొంత మనిషిని పెట్టుకోవడం నాకు నచ్చింది. అప్పడాలు ఎండే వేళకి డాబా ఎక్కి ఫోటో తీసేది మన మనిషే.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా పూర్తిగా చెప్పలేదు.

2017లో బరంపురంలో మా పట్టుచీరల షాపుకి మేమూ ఒక కుర్రాణ్ణి పెట్టుకున్నాం. ఇరవై రెండేళ్లుంటాయేమో, నెమ్మదస్తుడు. గుడి గోపురాల్లాంటి కుంభాలు వరసగా ఉండే ఫోడా కుంభం అంచు పట్టుచీరని కిటికీ పక్కన వెలుతురులో పరిచి, కుంభాల వరుస వంకర పోకుండా వేళ్లతో సర్ది, అప్పుడు ఫోటో తీసేవాడు. వారం తిరక్కుండా ఫేస్‌బుక్ పేజీ తెరిచాడు, గూగుల్ మ్యాప్‌లో షాపు ఎక్కించాడు, వాట్సాప్‌కి కొత్త నంబరు తెచ్చాడు. సూరత్‌లో పని చేసుకుంటున్న మన గంజాం జిల్లా వాళ్లు అక్కడి నుంచే పెళ్లి చీరలు అడిగేవారు. మీ మామయ్య మురిసిపోయారు. అవన్నీ ఎవరి మెయిల్‌తో తెరిచాడు, ఆ సిమ్ ఎవరి ఆధార్ మీద ఉంది అని మా ఇద్దరిలో ఒక్కరం అడగలేదు.

రెండో తప్పు నాది. పెళ్లిళ్ల సీజన్, షాపు నిండా జనం, చీరలు మడతపెట్టే చేతులు చాలట్లేదు. వాడు మూల కూర్చుని ఎవరికో జవాబు రాస్తున్నాడు. "పొద్దస్తమానం ఫోన్ పట్టుకుని కూర్చోడానికా జీతం?" అని అందరి ముందూ అరిచాను. వాడి పనే ఫోన్‌లో అని తెలిసే అన్నాను. అప్పటి నుంచి చీరలు మడతపెట్టమని, టీ తెమ్మని, బ్యాంకుకి వెళ్లి రమ్మని అన్నీ వాడికే చెప్పేవాళ్లం. ఎనిమిది నెలలకి ఒక సోమవారం రాలేదు. ఫోన్ ఎత్తలేదు. కోపంలో మేమూ వదిలేశాం.

2019లో షాపు రెండు వీధుల అవతలికి మార్చాం. మ్యాప్‌లో మాత్రం పాత చోటే. మారుద్దామంటే వాడి మెయిల్ కావాలి. పేజీలో పాత ధరలు, పనిచేయని నంబరు. ఆ వానాకాలంలో ఒక సాయంత్రం తల్లీకూతుళ్లు లోపలికొచ్చారు, సోంపేట నుంచి. చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి ఉన్నాయి. కూతురి ఫోన్‌లో మన పేజీ తెరిచి ఉంది. పాత షట్టర్ ముందు గంటసేపు నిలబడ్డారట. ఎంత ఫోన్ చేసినా కలవలేదట. చివరికి వేరే చోట పెళ్లి చీరలు కొనేసి, బస్టాండ్‌కి పోతూ మన బోర్డు చూశారు. "మీకోసమే వచ్చామమ్మా" అంది ఆ తల్లి. కొన్న చీరలు నాకు విప్పి చూపించింది. బాగున్నాయన్నాను, టీ తెప్పించాను. ఆ రాత్రి మీ మామయ్య అన్నం తినలేదు.

చాన్నాళ్ల తర్వాత ఆ కుర్రాడు బజారులో ఎదురుపడ్డాడు. ఫోన్ పోయిందట, దాంతో పాస్‌వర్డూ పోయిందట. "మీరు అడిగి ఉంటే ఆ రోజే ఇచ్చేవాణ్ణి మేడమ్" అన్నాడు. అబద్ధమని నాకు అనిపించలేదు. గూగుల్ వాళ్లకి అర్జీ పెట్టుకుంటే మ్యాప్‌లో షాపు మన చేతికొచ్చింది. ఫేస్‌బుక్ పేజీ రాలేదు. ఇప్పటికీ ఉంది, మీ మామయ్య కౌంటర్‌లో నవ్వుతున్న ఫోటోతో. ఆయన పోయి మూడేళ్లయింది. ఇంకా ఎవరో ఒకరు దాని కింద చీర ధర అడుగుతూనే ఉన్నారు, నేను జవాబు ఇవ్వలేను.

అందుకే చెబుతున్నాను, ఆ మనిషి చేరకముందే ఈ పని చెయ్యి. షాపు పేరుతో మెయిల్ నువ్వే తెరువు. వాట్సాప్ సిమ్ నీ ఆధార్ మీద తీసుకో. వెబ్‌సైట్ పేరు (డొమైన్) నీ పేరు మీదే కొను. గూగుల్‌లో ప్రైమరీ ఓనర్ నువ్వు, ఆ మనిషి మేనేజర్. ఫేస్‌బుక్ పేజీలో ఫుల్ కంట్రోల్ నీకూ, మీ ఆవిడకీ ఉండాలి. యాడ్ అకౌంట్‌లో ఖర్చుకి లిమిట్ పెట్టు. ఇదంతా నమ్మకం లేక చేస్తున్నది కాదని ఆ మనిషికి మొదటి రోజే చెప్పు. మానేసిన రోజు మర్యాదగా లెక్క తేల్చి, అప్పుడే యాక్సెస్ తీసెయ్యి. కూర్చోవడానికి ఒక బల్ల, కుర్చీ ఇవ్వు. నలుగురిలో కేకలు వెయ్యకు నాన్నా, నీకు మీ నాన్న కోపమే వచ్చింది.

మనిషి మన చుట్టుపక్కల వాళ్లయితే మంచిది. పర్లాకిమిడి ఒడిశాలో ఉన్నా, మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. యాడ్ ఒడిశాకే పెడితే పక్కనున్న పాతపట్నానికి కనపడదు, ఆంధ్ర మొత్తానికి పెడితే డబ్బు అనంతపురం దాకా పోతుంది. మ్యాప్‌లో పర్లాకిమిడి మీద గుర్తు పెట్టి చుట్టూ ఇన్ని కిలోమీటర్లని పెట్టాలి. ఇంటర్వ్యూలో ఇదే అడుగు, ఎలా చేస్తారో చూపించమను. ఒడియా, తెలుగు రెండూ తప్పుల్లేకుండా రాయించి చూడు. జూన్‌లో రజో పండక్కి ఒడియా వాళ్లింట్లో ఏం వండుతారో, మన ఇళ్లలో ఆవకాయ ఎప్పుడు కలుపుతారో తెలిసినవాళ్లకి ఏ పోస్టు ఎప్పుడు పెట్టాలో ఒకరు చెప్పక్కర్లేదు.

ఇంకోటి, ఇది నాకు భయం. ఉత్సాహంలో "మా రాగి అప్పడం షుగర్ తగ్గిస్తుంది" అని రాసేస్తారు. తిండి పదార్థం రోగం నయం చేస్తుందని ప్రకటించకూడదు, తిండి పదార్థాల మీద అజమాయిషీ చేసే కేంద్ర సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2018 నిబంధనల్లో ఉంది. పోస్టు పెట్టేముందు నువ్వు ఒకసారి చదువు. లైకులెన్ని అని అడగకు. ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది కొన్నారు, అది అడుగు. అదీ మొదటి నెలలోనే పీక మీద కూర్చుని కాదు.

రజోకి సెలవిచ్చి ఆ మనిషిని కూడా వెంటబెట్టుకుని రా. ఫోటోలు ఎలా తీయాలో నాకు తెలిసింది చూపిస్తాను. మీ మామయ్య చివరి లెక్కల పుస్తకంలో సగం పేజీలు ఖాళీగానే ఉన్నాయి. నీ మెయిళ్లు, పాస్‌వర్డులు అందులో రాసుకుందువు గాని, బీరువాలోంచి తీసి ఉంచాను.

మీ అత్త
బరంపురం